కమ్యూనిటీ కాలేజీలో హ్యూమన్ సర్వీసెస్: చేరేముందు ఏం చూసుకోవాలి, చేరాక ఏం నేర్చుకోవాలి

ఆస్టిన్ పక్కనున్న మా సీడర్ పార్క్‌లో పిల్లల సంగీతం క్లాసు బయట కార్లలో కూర్చుని ఎదురుచూసే అమ్మల్లో ఎవరో ఒకరు అద్దం దించి అడుగుతూనే ఉంటారు. "అక్కా, మీరు చేసిన సోషల్ వర్క్ కోర్సు ఏంటి? నాకూ కుదురుతుందా?" కుదురుతుంది. కాకపోతే నేను చేసింది సోషల్ వర్క్ కాదు, హ్యూమన్ సర్వీసెస్, అంటే కష్టాల్లో ఉన్నవాళ్ళకి సేవలు అందేలా చూసే ఉద్యోగాలకి తయారుచేసే చదువు. ఈ తేడా తెలియకుండా చేరితే రెండేళ్ళ తర్వాత తల పట్టుకోవాల్సి వస్తుంది. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నేను నరసరావుపేటలో బీకాం చదివి, గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర పద్దులు రాసి, పెళ్ళయ్యాక టెక్సస్ వచ్చిన మనిషిని. ఇప్పుడు ఆస్టిన్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో కేస్ మేనేజర్‌ని. ఇక్కడ చెప్పేదంతా టెక్సస్ లెక్క. లైసెన్సులు రాష్ట్రానికో రకంగా ఉంటాయి కాబట్టి న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉన్నవాళ్ళు మీ రాష్ట్రం నిబంధనలు విడిగా చూసుకోండి. వెళ్ళే దారి మాత్రం దాదాపు ఇదే.

ముందు ఉద్యోగం, తర్వాత కోర్సు

టెక్సస్‌లో సోషల్ వర్కర్ అని చెప్పుకోవాలంటే లైసెన్సు ఉండాలి. దానికి సీఎస్‌డబ్ల్యూఈ (సోషల్ వర్క్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో కనీసం బీఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో బ్యాచిలర్స్ చేసి, పరీక్ష రాయాలి. కౌన్సెలర్ కావాలంటే మాస్టర్స్ తప్పదు. కమ్యూనిటీ కాలేజీలో చేసే హ్యూమన్ సర్వీసెస్ అసోసియేట్ డిగ్రీ సుమారు 60 క్రెడిట్లు (సబ్జెక్టుకి మామూలుగా 3). దాంతో వచ్చేవి ఇంటేక్ స్పెషలిస్ట్, కేస్ ఎయిడ్, షెల్టర్ అడ్వొకేట్, ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్, వృద్ధుల సేవల్లో కోఆర్డినేటర్ లాంటి ఉద్యోగాలు. సాయం కోసం వచ్చినవాళ్ళతో మొదట కూర్చుని మాట్లాడేది ఈ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళే.

అసోసియేట్ డిగ్రీతోనే లైసెన్సు దాకా వెళ్ళే దారి ఒకటుంది. మద్యం, డ్రగ్స్ వ్యసనాల నుంచి బయటపడేవాళ్ళకి సాయపడే కౌన్సెలర్ లైసెన్సు, ఎల్‌సీడీసీ అది. టెక్సస్‌లో దానికి కనీసం అసోసియేట్ డిగ్రీ, 270 గంటల చదువు, 300 గంటల ప్రాక్టికమ్ (ఏదైనా సంస్థలో పనిచేస్తూ నేర్చుకోవడం), ఆ తర్వాత పర్యవేక్షణలో 4,000 గంటల పని కావాలి. మనవాళ్ళు ఈ వైపు పెద్దగా చూడరు. తాగుడు ఇంటి గుట్టు అనుకునే మనకి ఆ పని చేసే తెలుగువాళ్ళు కావాలని నా గట్టి అభిప్రాయం. ఇంకొకటి, అంత చదివే వీలు లేనివాళ్ళకి కమ్యూనిటీ హెల్త్ వర్కర్ సర్టిఫికేషన్ ఉంది. టెక్సస్‌లో అది 160 గంటల శిక్షణ. ఆస్పత్రులు, క్లినిక్‌లు తీసుకుంటాయి.

కాలేజీ వెబ్‌సైట్ తెరిచేముందు ఒక పని చేయండి. ఉద్యోగాల సైట్లో మీ ఇంటికి పాతిక మైళ్ళ లోపు కేస్ మేనేజర్, ఇంటేక్, ఫ్యామిలీ అడ్వొకేట్ అని వెతికి, వచ్చిన ప్రకటనల్లో కనీస అర్హతలు అన్న భాగం మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి. ఓ పదిహేను రాసేసరికి మీ ఊళ్ళో ఎవరు ఏం అడుగుతున్నారో తెలిసిపోతుంది. మా దగ్గరైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రాల ప్రకటనల్లో క్యూఎమ్‌హెచ్‌పీ (అర్హత ఉన్న మానసిక ఆరోగ్య ఉద్యోగి) అన్న మాట పదేపదే కనిపిస్తుంది. దానికి సైకాలజీ, సోషియాలజీ, సోషల్ వర్క్ లాంటి వాటిలో బ్యాచిలర్స్ అడుగుతారు. మీరు ఇండియాలో బీఏ సైకాలజీయో ఎంఎస్‌డబ్ల్యూనో చేసి ఉంటే, ఇక్కడ మళ్ళీ అసోసియేట్ చేయడం దండగ కావచ్చు. ముందు మీ మార్కుల జాబితాలు డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో ఎవాల్యుయేషన్ చేయించుకోండి, అంటే మీ డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో రాయించుకోండి. మన మూడేళ్ళ డిగ్రీని కొందరు పూర్తి బ్యాచిలర్స్‌గా ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఆ కాగితం చేతిలో లేకుండా ఏ అడ్వైజర్ చెప్పే మాటకీ బలం ఉండదు.

ఏఏఎస్సా, ఏఏనా

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. అసోసియేట్ డిగ్రీల్లో రకాలున్నాయి. హ్యూమన్ సర్వీసెస్ డిగ్రీలు ఎక్కువగా ఏఏఎస్, అంటే నేరుగా ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి. ఏఏ, ఏఎస్ అనేవి తర్వాత యూనివర్సిటీకి వెళ్ళేవాళ్ళకి. ఏఏఎస్‌లో చదివిన వృత్తి సబ్జెక్టులన్నీ యూనివర్సిటీ తీసుకుంటుందన్న హామీ లేదు. న్యూజెర్సీలో ప్రభుత్వ కాలేజీల మధ్య ట్రాన్స్‌ఫర్ ఒప్పందం కూడా ఏఏ, ఏఎస్‌లకే వర్తిస్తుంది, ఏఏఎస్‌కి కాదు.

ఎప్పటికైనా బీఎస్‌డబ్ల్యూ చేయాలన్న ఆలోచన మనసులో మూలన ఉన్నా సరే, అడ్వైజర్ ముందు కూర్చున్నప్పుడు సూటిగా అడగండి: "ఈ సబ్జెక్టుల్లో ఏవి టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ బీఎస్‌డబ్ల్యూకి వెళ్తాయి? ఏవి వెళ్ళవు? రాసి ఇస్తారా?" ఆ మూడో ప్రశ్నే ముఖ్యం. ఆస్టిన్ చుట్టుపక్కల అయితే శాన్ మార్కోస్‌లో టెక్సస్ స్టేట్, ఊళ్ళో యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) రెండింటిలోనూ బీఎస్‌డబ్ల్యూ ఉంది. బీఎస్‌డబ్ల్యూ చేసినవాళ్ళకి మాస్టర్స్‌లో అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ (ముందే చదివినవాటికి మినహాయింపు) దొరుకుతుంది, దాదాపు ఒక ఏడాది కలిసొస్తుంది. నలభైల్లో చదువు మొదలుపెట్టేవాళ్ళకి ఆ ఏడాది చిన్న విషయం కాదు.

డబ్బు, వీసా

ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీలో నేను చదివినప్పుడు ఇన్-డిస్ట్రిక్ట్ వాళ్ళకి, అంటే కాలేజీ పరిధిలో ఉండేవాళ్ళకి, క్రెడిట్‌కి 85 డాలర్లు. 60 క్రెడిట్లకి 5,100. డిస్ట్రిక్ట్ బయట ఉంటే నాలుగు రెట్లు దాటుతుంది. లియాండర్, రౌండ్ రాక్ స్కూల్ డిస్ట్రిక్టులు లోపలే ఉన్నాయి. ఇల్లు మారబోతున్నవాళ్ళు స్కూలు రేటింగులతో పాటు ఇది కూడా చూసుకుంటే మంచిది. హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు కూడా టెక్సస్‌లో ఏడాది కాపురం ఉన్నట్టు చూపిస్తే రాష్ట్రవాసి ఫీజుకి అర్హులు. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు మీ పేరు మీద కూడా ఉండేలా ఇప్పుడే చూసుకోండి. మన ఇళ్ళల్లో అన్నీ ఆయన పేరు మీదే ఉంటాయి, తీరా రుజువులు అడిగినప్పుడు టెన్షన్.

ఫాఫ్సా అనే దరఖాస్తు నింపి చదువుకి ఫెడరల్ సాయం తీసుకునేది సిటిజన్లు, గ్రీన్ కార్డు వాళ్ళు, ఇంకా శరణార్థుల లాంటి కొద్దిమందే. అందులోనూ ఒక మెలిక ఉంది. తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ గరిష్ఠంగా 2025-26కి 7,395 డాలర్లు అని చూసి సంబరపడతాం, కానీ బ్యాచిలర్స్ ఉన్నవాళ్ళకి అది రాదు. ఇండియాలో చేసిన డిగ్రీ అయినా లెక్కలోకి వస్తుంది. దాచిపెట్టి నింపమని సలహా ఇచ్చే మహానుభావులు ఉంటారు, వాళ్ళ మాట వినకండి. కాలేజీ ఫౌండేషన్ స్కాలర్‌షిప్పులు వేరే. వాటికి చిన్న వ్యాసం రాస్తే చాలు, పోటీ కూడా మనం భయపడేంత ఉండదు.

హెచ్-4 మీద చదువుకోవడానికి అడ్డు లేదు. చిక్కంతా ప్రాక్టికమ్ దగ్గర. ఈఏడీ (పని అనుమతి కార్డు) లేనివాళ్ళు జీతం లేని ప్రాక్టికమ్ అయినా సరే, ఒప్పుకునేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగాలి. డిగ్రీలో చివరి మెట్టు అది కాబట్టి, ఈ ప్రశ్న మొదటి సెమిస్టర్‌లోనే తేల్చుకోండి.

ఇంట్లో పిల్లలున్నవాళ్ళు సెమిస్టర్‌కి రెండు సబ్జెక్టుల కంటే ఎక్కువ పెట్టుకోవద్దు. వేసవి కూడా కలుపుకుంటే మూడేళ్ళు దాటి కొంచెం పడుతుంది. పడనివ్వండి.

క్లాసులో

నా పక్కన కూర్చున్నవాళ్ళలో పందొమ్మిదేళ్ళ పిల్లలు ఉన్నారు, సైన్యం నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, పదేళ్ళ కిందట వ్యసనం నుంచి బయటపడి ఇప్పుడు ఇంకొకరికి చెయ్యి అందిద్దామని వచ్చినవాళ్ళు ఉన్నారు. మన యాస గురించి వాళ్ళకి పట్టింపు లేదు. మాట్లాడకుండా కూర్చుంటేనే మార్కులు పోతాయి, ఎందుకంటే చాలా సబ్జెక్టుల్లో చర్చకి మార్కులుంటాయి. పాఠ్యపుస్తకాలు కొనకండి. లైబ్రరీ రిజర్వ్‌లో దొరుకుతాయి, లేకపోతే అద్దెకి తీసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇంటర్వ్యూయింగ్ సబ్జెక్టు మీద. జంటలుగా కూర్చోబెట్టి వీడియో తీస్తారు, తర్వాత దాన్ని ఆపి ఆపి చూపిస్తారు. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ అభివృద్ధి చేసిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ ఇందులో ప్రధానం. సలహా చెప్పకుండా, ఎదుటివాళ్ళ నోటితోనే వాళ్ళకి కావాల్సింది చెప్పించే పద్ధతి అది. పుస్తకంలో చదివితే తేలిగ్గానే ఉంటుంది. మన అలవాట్లతో చేయాలంటేనే కష్టం, ఎందుకంటే మనం సలహాల జాతి. ఎదుటివాళ్ళ వాక్యం పూర్తయ్యేలోపు మన పరిష్కారం సిద్ధం.

ఒక ఉదాహరణ చూడండి. ఎదురుగా కూర్చున్నావిడ అంటుంది: "ఆయన నాతో మాట్లాడి మూడు రోజులైందండీ." మన నోట్లో తయారుగా ఉండేది: "కోపం తగ్గాక ఆయనే మాట్లాడతాడులే అమ్మా, కొంచెం సర్దుకుపోవాలి." దాంతో ఆవిడ "అంతేలెండి" అని చున్నీ సర్దుకుని లేచిపోతుంది. క్లాసులో నేర్పేది ఇలా ఉంటుంది:

"మూడు రోజులుగా ఇంట్లో మాటల్లేకుండానే ఉంటున్నారు."

అంతే అని ఊరుకోవాలి. ఆ మౌనం భరించడమే ఈ చదువులో కష్టమైన భాగం. కాసేపటికి ఆవిడే అంటుంది: "మాటలే కాదండీ. కార్డు కూడా తీసేసుకున్నాడు."

ఇప్పుడు విషయం బయటికొచ్చింది. సర్దుకుపొమ్మని ఉంటే ఆ రెండో వాక్యం ఎప్పటికీ వినేవాళ్ళం కాదు. ఇంట్లో అత్తగారితో, పిల్లలతో ఇది సాధన చేయండి. పిల్లలు వెంటనే పట్టేస్తారు, "అమ్మా, మళ్ళీ క్లాసు మొదలుపెట్టావా" అంటారు. అయినా చేయండి.

రెండోది రాత. ఈ ఉద్యోగంలో సగం పని కేస్ నోట్స్ రాయడమే అని చేరేముందు ఎవరూ చెప్పరు. "క్లయింట్ తాగి వచ్చి దురుసుగా ప్రవర్తించాడు" అని రాస్తే ప్రొఫెసర్ ఎర్ర గీత పెడతారు. తాగాడని మీకెలా తెలుసు? దురుసు అంటే ఏంటి? అదే నోటు ఇలా ఉండాలి: "క్లయింట్ 20 నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. మాట ముద్దగా ఉంది. కుర్చీ వెనక్కి నెట్టి, 'మీ ఆఫీసులో ఎవరూ ఏమీ చేయరు' అని గట్టిగా అన్నారు. మంగళవారం మళ్ళీ రావడానికి ఒప్పుకున్నారు." చూసింది, విన్నది, తర్వాత చేయబోయేది. వోచర్ లేని ఖర్చు పద్దులోకి ఎక్కదని గుంటూరులో మా ఆడిటర్ గారు అనేవారు, ఇదీ అంతే. ఆ నోటు రేపు కోర్టుకి వెళ్ళొచ్చు, క్లయింటే అడిగి తీసుకుని చదువుకోవచ్చు. ఆ మనిషి చదివితే మనం సిగ్గుపడాల్సిన మాట అందులో ఉండకూడదు. అకౌంట్స్, ఆడిటింగ్ నేపథ్యం ఉన్నవాళ్ళు ఇక్కడ ఇట్టే రాణిస్తారు.

ప్రాక్టికమ్‌ని చూసి కాలేజీని ఎంచుకోండి

నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. మొదటి ఉద్యోగం ఎక్కువమందికి ప్రాక్టికమ్ చేసిన చోటో, అక్కడి సూపర్‌వైజర్ చెప్పిన చోటో వస్తుంది. హ్యూమన్ సర్వీసెస్ కోర్సులకి గుర్తింపునిచ్చే సీఎస్‌హెచ్‌ఎస్‌ఈ ప్రమాణం అసోసియేట్ స్థాయికి 250 గంటల ఫీల్డ్ వర్క్. కాలేజీని అడగాల్సినవి ఇవి: మీ విద్యార్థులు ఏ సంస్థల్లో చేస్తున్నారు, సంస్థని మీరే వెతికిపెడతారా నేను వెతుక్కోవాలా, సాయంత్రాలు, శనివారాలు చేసే వీలుందా. మూడో దానికి తటపటాయించారంటే, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళకి అక్కడ కష్టమే.

దరఖాస్తు ఒక సెమిస్టర్ ముందే పెట్టాలి. నేర చరిత్ర తనిఖీ, టీబీ పరీక్ష ఉంటాయి, వాటికే వారాలు పట్టొచ్చు. టెక్సస్‌లో కారు, లైసెన్సు లేకుండా ఈ రంగం దాదాపు అసాధ్యం. ఇళ్ళకి వెళ్ళాలి, ఆఫీసుల మధ్య తిరగాలి. కానీ సంస్థ రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప క్లయింట్‌ని మీ కారులో ఎక్కించుకోవద్దు, వాన పడుతున్నా సరే.

ఆస్టిన్‌లో చూడదగ్గవి చాలా ఉన్నాయి: ట్రావిస్ కౌంటీ మానసిక ఆరోగ్య సేవలు చూసే ఇంటెగ్రల్ కేర్, గృహహింస బాధితులతో పనిచేసే సేఫ్ అలయన్స్, ఆసియా కుటుంబాల కోసం ఉన్న ఏషియన్ ఫ్యామిలీ సపోర్ట్ సర్వీసెస్, వృద్ధులకి భోజనం చేర్చే మీల్స్ ఆన్ వీల్స్. కాలేజీలో చేరకముందే ఈ పని మీకు పడుతుందో లేదో చూసుకోవాలంటే ఫౌండేషన్ కమ్యూనిటీస్ వాళ్ళ ఉచిత ట్యాక్స్ సేవలో వాలంటీర్‌గా చేరండి. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) శిక్షణ, సర్టిఫికేషన్ ఉచితం. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల కాగితాలు ముందేసుకుని కూర్చుంటే వాళ్ళ బతుకు లెక్క మొత్తం కనిపిస్తుంది. నాకు దారి దొరికింది అక్కడే. న్యూజెర్సీ వాళ్ళకి 1985లో మొదలైన మానవి, హ్యూస్టన్ వాళ్ళకి దయా ఉన్నాయి. రెండూ దక్షిణాసియా కుటుంబాల్లోని హింస మీద పనిచేసేవే.

సూపర్‌వైజర్ ఎవరో ముందే కలవండి. వారానికి ఒక గంట మీతో కూర్చుంటారా అని అడగండి. ఫోన్లు ఎత్తడానికి, డబ్బాలు సర్దడానికి మాత్రమే విద్యార్థులు కావాలనుకునే చోట్లు ఉంటాయి. అక్కడ 250 గంటలు గడిచిపోతాయి, చేతికి ఏమీ రాదు.

మనవాళ్ళతో పనిచేసేటప్పుడు

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకే తెలుగు కేసులు మీ దగ్గరికి పంపుతారు. ఎక్కువగా వచ్చేవి రెండు రకాలు. పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డు మీద వచ్చిన పెద్దవాళ్ళు ఒకరు. 1996 చట్టం వల్ల గ్రీన్ కార్డు వచ్చిన చాలామంది పెద్దలకి మొదటి ఐదేళ్ళు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వ వైద్య బీమా), ఫుడ్ స్టాంపులు (తిండి ఖర్చుకి ప్రభుత్వ సాయం) దొరకవు. ఇది చెప్పినప్పుడు "మరి మా అబ్బాయి వస్తుందన్నాడే" అంటారు. 65 దాటి, ఐదేళ్ళు వరసగా ఇక్కడే ఉన్నాక మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వ వైద్య బీమా) కొనుక్కునే వీలుందని, ఈలోపు కౌంటీ ఆస్పత్రులు, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే క్లినిక్‌లు ఎక్కడున్నాయని చూపించడమే మీ పని. ఎక్కడ అడగాలో తెలియనప్పుడు సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే 211కి ఫోన్ చేయండి, మీరూ చేయొచ్చు, వాళ్ళూ చేయొచ్చు.

రెండో రకం, భర్త వీసా మీద ఆధారపడి ఉండి ఇంట్లో హింస పడుతున్న ఆడపిల్లలు. భర్త సిటిజన్ లేదా గ్రీన్ కార్డు అయితే వావా (హింసకి గురైనవాళ్ళ రక్షణ చట్టం) కింద గ్రీన్ కార్డుకి సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు, నేరం జరిగి పోలీసులకి సహకరిస్తే యూ వీసా దారి ఉంది. ఈ రెండూ ఉన్నాయని తెలిసి ఉండటం మీ బాధ్యత. వాళ్ళకి ఏది వర్తిస్తుందో తేల్చి చెప్పడం మాత్రం లాయర్ పని. మీరు చెప్పకండి, ఎంత తెలిసినా సరే.

టెక్సస్‌లో పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానం వస్తే చెప్పాల్సిన బాధ్యత ఉద్యోగులకే కాదు, ప్రతి ఒక్కరికీ ఉంది. "ఎవరికీ చెప్పను" అని క్లయింట్‌కి ముందే మాటిచ్చేస్తే తర్వాత ఇరుక్కుంటారు. మొదటి సమావేశంలోనే ఏవి రహస్యంగా ఉంటాయో, ఏవి ఉండవో విప్పి చెప్పండి. ఆత్మహత్య ఆలోచన ఉందనిపిస్తే సూటిగా అడగడం క్లాసులోనే నేర్పుతారు, అలాంటివాళ్ళకి సాయపడే 988 నంబరు ఫోన్లో ముందే పెట్టుకోండి.

క్లయింట్ రేపు గుళ్ళో, ఇండియన్ స్టోర్లో ఎదురవుతారు. దానికి నేను పాటించే పద్ధతి, మొదటి రోజే చెప్పేస్తాను: "బయట కనిపిస్తే నేను పలకరించను పిన్నిగారూ, మీరు పలకరిస్తేనే మాట్లాడతాను. ఏమీ అనుకోకండి." ఒక్కసారి చెబితే వాళ్ళ భయం సగం పోతుంది. దగ్గరివాళ్ళ కేసు వస్తే వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పి వేరేవాళ్ళకి ఇప్పించండి. ఇంట్లో భోజనం దగ్గర కూడా పేర్లు, ఊళ్ళు, ఉద్యోగాలు బయటపెట్టకూడదు. మన ఊళ్ళో "కాకినాడ నుంచి వచ్చిన డెంటిస్ట్ గారమ్మాయి" అంటే పేరు చెప్పినట్టే.

జీతం, తర్వాత

మొదటి ఉద్యోగం మా దగ్గర గంటకి 20 డాలర్లకి అటూ ఇటూ ఉంటుంది. ఐటీ జీతాలతో పోల్చుకుని బాధపడే ఇంట్లో ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి. సంసారమంతా ఈ జీతం మీదే నడవాలంటే బ్యాచిలర్స్ దాకా వెళ్ళే పథకం ఉండి తీరాలి. ఎవరినైనా బాగుచేసేద్దామన్న ఆవేశంతో వచ్చేవాళ్ళు ఆరు నెలల్లో నీరుగారిపోవడం చూశాను. ఓపిక, కాగితాల పని, కాస్త హాస్యం ఉన్నవాళ్ళు నిలబడతారు.

రెజ్యూమెలో ప్రాక్టికమ్‌ని చదువు కింద కాకుండా అనుభవం కింద పెట్టండి, గంటలతో సహా. తెలుగు, హిందీ వచ్చని రాయండి. అయితే "మీరే అనువదించేయండి" అని ఆఫీసులో అడిగితే శిక్షణ లేకుండా వైద్య, కోర్టు విషయాల్లో ఒప్పుకోవద్దు. ఇక ఎలెక్టివ్ ఏది తీసుకోవాలని అడిగేవాళ్ళకి నా జవాబు స్పానిష్. టెక్సస్‌లో రెండు భాషలు వచ్చినవాళ్ళకి అదనంగా ఇచ్చే డబ్బు ఎక్కువగా స్పానిష్‌కే, తెలుగుకి కాదు. ఫాల్ సెమిస్టర్ రిజిస్ట్రేషన్ వసంతంలోనే తెరుస్తారు, సాయంత్రం స్పానిష్ సెక్షన్లు ముందు నిండిపోతాయి.